తూము లెక్క, జార్ ఫైలు: ఏజెంట్ నమూనాలకు జావా ప్లగిన్ల చరిత్ర

ఏజెంట్ ఆధారిత నమూనాల సాఫ్ట్‌వేర్‌కు జావాలో ప్లగిన్ రాసి, కంపైల్ చేసి జోడించే పద్ధతి 1990ల చివర మొదలై 2000ల దశకంలో కుదురుకుంది. ఈ తరహా నమూనాలో ఊరినో అడవినో అంగడినో ఒక్క సమీకరణంలో ఇమడ్చాలని చూడరు. రైతు, గొర్రె, బోరు, చెరువు, ఒక్కొక్కటీ కంప్యూటర్‌లో ఒక్కో ఏజెంట్‌గా నిలుస్తుంది. ప్రతి ఏజెంట్‌కూ తనవైన గుణాలు, తనవైన నియమాలు ఉంటాయి. చుట్టూ ఏం జరుగుతోందో చూసుకుని తన నియమం ప్రకారం అది నడుచుకుంటుంది. వందలు, వేల ఏజెంట్లు ఇలా ఎవరి తీరున వాళ్లు నడుచుకోగా చివరికి మొత్తం మీద ఏం తేలుతుందో పరిశోధకులు గమనిస్తారు. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లకు తెలియని స్థానిక సంగతులు కొన్ని ఉంటాయి: ఒక ప్రాంతపు నేల తీరు, నీళ్ల పంపకపు కట్టుబాటు, పంటల లెక్క. వాటిని ఆ సాఫ్ట్‌వేర్ లోపలికి తీసుకుపోయే దారి ప్లగిన్.

ఇలాంటి నమూనాల అవసరం ఎక్కడ పడుతుందో హుస్నాబాద్ ప్రాంతపు నీళ్ల చరిత్ర బాగా చూపిస్తుంది. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలో ఉండి, జిల్లాల పునర్విభజనతో సిద్దిపేట జిల్లాలో చేరిన ఈ పట్టణం మెట్ట ప్రాంతం నడుమ ఉంది. కింద గ్రానైట్ రాయి, పైన ఎర్ర చెల్క. ఏడాది పొడవునా పారే నది దగ్గర్లో లేదు. మానేరులో కలిసే మోయతుమ్మెద వాగు వానలు పడినప్పుడే నిండుగా పారుతుంది. అందుకే ఇక్కడి వ్యవసాయం తరతరాలుగా చెరువుల మీద బతికింది. పట్టణానికి ఎల్లమ్మ చెరువు, కోహెడ వైపు శనిగరం జలాశయం, ఊరూరా చిన్న చిన్న కుంటలు. కాకతీయుల కాలం నుంచి తెలంగాణలో పెరిగిన గొలుసుకట్టు పద్ధతిలో పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులో చేరతాయి. నీరటికాడు తూము తీసి ఏ మడికి ఎప్పుడు నీళ్లు పారాలో చూసేవాడు. కోతల కాలంలో రైతులు అతనికి మేర కొలిచి ఇచ్చేవారు. చెరువు సగమే నిండిన ఏడు ఎంత ఆయకట్టుకు నీళ్లు ఇవ్వాలో తైబందీలో ముందే తేల్చుకునేవారు. నీళ్లు అందరివి కాబట్టి నిర్ణయమూ పదిమంది కూర్చుని చేసేది.

మోట బావుల స్థానంలో కరెంటు మోటార్లు, వాటి తరవాత బోర్లు వచ్చాక నిర్ణయం ఒక్కో రైతు చేతిలోకి మారింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు వచ్చింది. అంతకుముందు కరెంటు ఏ వేళ వస్తుందో, ఎన్ని గంటలుంటుందో నమ్మకం లేక రైతులు మోటార్లకు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే మొదలయ్యేది; పొలం తడిసినా నీళ్లు పోస్తూనే ఉండేది. 24 గంటల సరఫరా మొదలయ్యే ముందు ఆటో స్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వం ఊరూరా చెప్పించాల్సి వచ్చింది.

ఇక్కడి భూమి లోపలి పొందిక కూడా ఈ కథలో పాత్రధారే. పైన మెత్తబడిన గుల్ల రాయి, దాని కింద పగుళ్ల పొర, ఆ కింద గట్టి రాయి. నీళ్లు ఎక్కువగా పగుళ్ల పొరలోనే దొరుకుతాయి. అంతకంటే లోతుకు వేసినా చాలా బోర్లలో దుమ్మే లేస్తుంది. పక్క చేనులో కొత్త బోరు పడితే తన బోరు నీళ్లు తగ్గుతాయని ప్రతి రైతుకూ తెలుసు. అయినా యాసంగి వరి ఎండిపోతుంటే బోరు వేయక తప్పదు. ఎవరూ కోరకుండానే, ఎవరి తప్పూ లేకుండానే, అందరి నీటి మట్టమూ పడిపోతుంది. విడివిడిగా న్యాయంగా కనిపించే నిర్ణయాలు కలిసి ఎవరికీ అక్కరలేని ఫలితాన్ని తేవడం సగటు లెక్కలకు చిక్కదు. ఎకరానికి సగటున ఇన్ని నీళ్లు అని రాసుకుంటే ఎవరి బోరు ముందు ఎండిందో, ఆ రైతు తరవాత ఏం చేశాడో ఆ సంఖ్యలో కనిపించదు.

ఈ సంగతిని సామాజిక శాస్త్రంలోకి స్పష్టంగా తెచ్చినవాళ్లలో అమెరికా ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ ముఖ్యుడు. 1971లో అచ్చయిన వ్యాసంలో ఆయన ఇరుగుపొరుగుల నమూనా చూపించాడు. గళ్ల పలక మీద రెండు రకాల నాణేలు. తన చుట్టూ ఉన్నవాటిలో తన రకం మరీ తక్కువైతే నాణెం మరో గడికి జరుగుతుంది, అంతే నియమం. ఏ నాణేనికీ ఎదుటి రకమంటే ద్వేషం లేకపోయినా కాసేపటికి పలక రెండు వేరు వేరు పేటలుగా చీలిపోతుంది. 2005లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. షెల్లింగ్ వ్యాసానికి ఏడాది ముందే, 1970లో, జాన్ కాన్వే రూపొందించిన లైఫ్ అనే గళ్ల ఆటను మార్టిన్ గార్డ్‌నర్ తన పత్రికా శీర్షికలో లోకానికి పరిచయం చేశాడు. మూడు నాలుగు చిన్న నియమాల నుంచి ఊహించని ఆకారాలు పుట్టుకొస్తాయని ఆ ఆట చూపించింది.

నీళ్ల విషయంలో అందరూ తలుచుకునే పని బాలి ద్వీపానిది. అక్కడ వరి రైతులు సుబాక్ అనే సంఘాలుగా ఏర్పడి, నీటి ఆలయాల పూజా క్రమాన్ని అనుసరించి ఎప్పుడు నాట్లు వేయాలో, ఎప్పుడు పొలాలు ఎండబెట్టాలో తేల్చుకుంటారు. 1970లలో హరిత విప్లవం పేరుతో ఆ క్రమాన్ని పక్కనపెట్టి, ఎవరికి వీలైనంత త్వరగా వాళ్లు నాట్లు వేయాలని అధికారులు ప్రోత్సహించారు. నీళ్లకు కొట్లాటలు, పైరుకు చీడపీడలు పెరిగాయి. మానవ శాస్త్రవేత్త స్టీఫెన్ లాన్సింగ్, పర్యావరణ శాస్త్రవేత్త జేమ్స్ క్రెమర్ కలిసి రెండు నదుల వెంట ఉన్న 172 సుబాక్‌లను కంప్యూటర్‌లో నిలబెట్టి 1993లో ఫలితాలు ప్రకటించారు. పొరుగు సుబాక్ పంట తనకంటే బాగా ఉంటే దాని నాట్ల కాలాన్ని అనుసరించమన్నదే వాళ్లు ఇచ్చిన నియమం. కొన్ని పంటకాలాలు గడిచేసరికి ఆలయాల క్రమానికి దగ్గరగా ఉండే పొందిక దానంతట అదే ఏర్పడింది. తైబందీ ఎరిగిన తెలంగాణ పాఠకుడికి ఈ ఫలితం ఎందుకు ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. ఊరుమ్మడి ఏర్పాటుకు ఉన్న విలువను అంకెల్లో చూపించే సాధనం దొరికింది.

అప్పటిదాకా ఇలాంటి నమూనా రాయాలంటే ఎవరి ప్రోగ్రాం వాళ్లు మొదటి నుంచి రాసుకోవాల్సిందే. ఏజెంట్లను పుట్టించడం, వాటికి వంతులవారీగా అవకాశం ఇవ్వడం, తెర మీద బొమ్మ గీయడం, ఈ చాకిరీలోనే నెలలు గడిచేవి. ఉమ్మడి పనిముట్టు తయారుచేయాలన్న ఆలోచన రెండు చోట్ల రెండు తీరులుగా సాగింది. న్యూ మెక్సికోలోని శాంటా ఫే ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్ లాంగ్టన్ బృందం 1994లో స్వార్మ్ మొదలుపెట్టింది. అది శాస్త్రవేత్తల కోసం ఆబ్జెక్టివ్ సి భాషలో రాసిన లైబ్రరీ. రెండో తీరు బడిపిల్లలది. సేమూర్ పేపర్ట్, ఆయన సహచరులు 1967లో తెచ్చిన లోగో భాషలో ఒక తాబేలు గీతలు గీసేది. ఎంఐటీలో మిచెల్ రెస్నిక్ 1990 ప్రాంతంలో స్టార్‌లోగోలో ఆ ఒక్క తాబేలును వేల తాబేళ్లు చేశాడు. యూరి విలెన్‌స్కీ 1999లో దాని వారసురాలిగా నెట్‌లోగో మొదలుపెట్టాడు. తరవాత నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పెరిగిన ఆ సాఫ్ట్‌వేర్ 1.0 విడుదల 2002లో వచ్చింది.

ఈ రెండు దారులూ జావా దగ్గర కలిశాయి. సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో ప్రకటించిన ఈ భాషలో మూలం ఒకసారి కంపైల్ చేస్తే బైట్‌కోడ్ తయారవుతుంది. జావా వర్చువల్ మెషిన్ ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా, విండోస్ అయినా మ్యాక్ అయినా లినక్స్ అయినా, ఆ బైట్‌కోడ్ నడుస్తుంది. బళ్లలో రకరకాల పాత కంప్యూటర్ల మీద నడవాల్సిన నెట్‌లోగోకు ఇది చాలా అవసరం. అందుకే దాన్ని జావాలో రాశారు. స్వార్మ్‌కు 1999లో జావా నుంచి వాడుకునే పొర వచ్చింది. షికాగో విశ్వవిద్యాలయంలో పుట్టిన రీపాస్ట్ జావాను ప్రధాన భాషగా తీసుకుంది. 2003లో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం నుంచి షాన్ లూక్ బృందపు మేసన్ వచ్చింది, అదీ జావాయే. పదేళ్లు తిరగకుండా ఈ రంగంలో జావా రాజ్యభాష అయింది. ఫలితంగా ఒకరు రాసిన జావా కోడ్‌ను మరొకరి సాఫ్ట్‌వేర్‌కు తగిలించే వీలు కలిగింది.

ప్లగిన్ అవసరం నెట్‌లోగోలో తేటగా కనిపిస్తుంది. నెట్‌లోగోకు తన సొంత చిన్న భాష ఉంది. తాబేలును ముందుకు నడిపించు, పక్క గడిని అడుగు, రంగు మార్చు వంటి అంతర్నిర్మిత ఆదేశాలను అందులో ప్రిమిటివ్‌లు అంటారు. చదవడానికి సులువైన భాషే గాని, ప్రపంచంలోని పనులన్నిటికీ ప్రిమిటివ్‌లు ముందే పెట్టడం ఎవరి తరమూ కాదు. రెవెన్యూ పటం చదవాలి, డేటాబేస్ నుంచి వర్షపాతం తేవాలి, భారీ లెక్క వేగంగా చేయాలి అంటే ఆ భాష చాలదు. అందుకే తయారీదారులు ఒక తలుపు తెరిచిపెట్టారు. బయటివాళ్లు జావాలో కొత్త ప్రిమిటివ్ రాసి, ఎక్స్‌టెన్షన్ పేరుతో జోడించుకోవచ్చు. పటాలు చదివే జీఐఎస్ ఎక్స్‌టెన్షన్ ఇలా వచ్చిందే. గణాంకాల భాష ఆర్‌ను నెట్‌లోగోతో కలిపే ఎక్స్‌టెన్షన్‌ను 2010లో జర్మనీ పరిశోధకులు యాన్ టీలె, ఫోల్కర్ గ్రిమ్ ప్రచురించారు.

చెరువు తూమునే ఉదాహరణగా తీసుకుంటే పని క్రమం స్పష్టమవుతుంది. తూము గుండా సెకనుకు ఎన్ని నీళ్లు పోతాయన్నది రంధ్రపు వైశాల్యం మీద, దాని పైన నిలిచిన నీటి ఎత్తు మీద ఆధారపడుతుంది. ఎత్తు నాలుగు రెట్లయినా ప్రవాహం రెండు రెట్లే అవుతుంది, ఎందుకంటే అది ఎత్తు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. మత్తడి మీద దుంకే నీళ్ల లెక్క వేరు. అక్కడ మత్తడి పైన నీటి మందం నాలుగు రెట్లయితే ప్రవాహం ఎనిమిది రెట్లవుతుంది. ఈ రెండు సూత్రాలనూ రెండు జావా క్లాసులుగా రాస్తే, తూము ప్రవాహం, మత్తడి ప్రవాహం అని నెట్‌లోగోలో రెండు కొత్త ప్రిమిటివ్‌లు వస్తాయి.

విలువ తిరిగి ఇచ్చే ప్రిమిటివ్‌ను రిపోర్టర్ అని, పని మాత్రం చేసేదాన్ని కమాండ్ అని అంటారు. ప్రతి క్లాసులోనూ రెండు ముఖ్య భాగాలుంటాయి. ఒకటి సింటాక్స్, అంటే ఈ ప్రిమిటివ్ ఎన్ని విలువలు తీసుకుంటుంది, ఏ రకం విలువ ఇస్తుంది అన్న ప్రకటన. రెండోది అసలు లెక్క. ఈ క్లాసులన్నిటికీ ఒక పెద్ద దిక్కుగా క్లాస్ మేనేజర్ ఉంటుంది. నెట్‌లోగో మోడల్ తెరిచినప్పుడు క్లాస్ మేనేజర్‌లోని లోడ్ పద్ధతిని పిలుస్తుంది. అది ఏ పేరుకు ఏ క్లాసు అన్నది ఒక్కొక్కటిగా నమోదు చేస్తుంది.

రాయడం ఒక వంతు, కంపైల్ చేయడం మరో వంతు. కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా తడబడేది రెండో దగ్గరే, కాబట్టి దీన్ని వివరంగా చూడాలి. జావా కంపైలర్‌కు మూలం ఒక్కటే ఇస్తే చాలదు. రిపోర్టర్ అంటే ఏమిటో, ఆర్గ్యుమెంట్ అంటే ఏమిటో దానికి నెట్‌లోగో జార్ ఫైలు చూస్తేనే తెలుస్తుంది. ఆ ఫైలు ఎక్కడుందో చెప్పే వరసే క్లాస్‌పాత్. అందులో ఒక్క జార్ తప్పిపోయినా కంపైలర్ పదుల కొద్దీ తప్పులు చూపిస్తుంది. చాలాసార్లు కోడ్‌లో తప్పేమీ ఉండదు. చూపించాల్సిన దారి చూపించలేదు, అంతే. కంపైల్ అయ్యాక వచ్చిన క్లాస్ ఫైళ్లను జార్‌గా కట్టాలి. జార్ అంటే జిప్ పద్ధతిలో కట్టిన సంచయమే, అయితే లోపల మేనిఫెస్ట్ అనే చిన్న పాఠ్య ఫైలు ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ పేరు, క్లాస్ మేనేజర్ పేరు, నెట్‌లోగో ఏపీఐ (బయటి కోడ్‌కు తెరిచిన క్లాసుల వరస) ఏ సంచిక మీద కట్టారన్నది అందులో రాయాలి. ఆ జార్‌ను అదే పేరుగల ఫోల్డర్‌లో పెట్టి నెట్‌లోగో ఎక్స్‌టెన్షన్ల చోట ఉంచి, మోడల్ మొదటి వరసలో దాని పేరు ప్రకటిస్తే కొత్త ప్రిమిటివ్‌లు పలుకుతాయి. ప్లగిన్ ఇతర లైబ్రరీల మీద ఆధారపడితే వాటి జార్‌లూ వెంట ఉండాలి. జీఐఎస్ పనులకు రేఖాగణితం చేసిపెట్టే జేటీఎస్ లైబ్రరీ అలాంటిదే.

సంచికల పేచీ ఈ చరిత్ర పొడవునా వెంటాడింది. ప్రతి క్లాస్ ఫైలు మొదట్లో ఒక సంఖ్య ఉంటుంది. జావా 8తో కట్టినదానికి 52, జావా 11కు 55, జావా 17కు 61. 61 ఉన్న ఫైలును జావా 8 మీద నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే అది చదవనని మొరాయిస్తుంది. కొత్త జేడీకేతో (జావా అభివృద్ధి కిట్‌తో) కంపైల్ చేసినా పాత సంచికకు సరిపడే బైట్‌కోడ్ ఇవ్వమని కంపైలర్‌ను అడగవచ్చు. చాలామందికి ఆ సంగతి తెలియక రోజులు పోగొట్టుకుంటారు.

తెలుగులో పనిచేసేవాళ్లకు మరో అడ్డంకి ఉండేది. జావా మొదటి నుంచీ యూనికోడ్ ఎరిగిన భాష. ఊరి పేరు, చెరువు పేరు తెలుగు అక్షరాల్లో కోడ్‌లోనే రాయవచ్చు. అయితే జేడీకే 17 దాకా కంపైలర్ ఆయా కంప్యూటర్ సొంత అక్షర పద్ధతినే ప్రమాణంగా తీసుకునేది. విండోస్ మీద అది తరచూ యూటీఎఫ్-8 కాకపోవడంతో ఎల్లమ్మ చెరువు అని రాసిన చోట అర్థంలేని గుర్తులు తేలేవి. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని కంపైలర్‌కు విడిగా చెప్పాల్సి వచ్చేది. 2022లో వచ్చిన జేడీకే 18 యూటీఎఫ్-8ను అన్ని చోట్లా ప్రమాణం చేసింది. లిపి ఉన్న ప్రతి భాషకూ దక్కాల్సిన మర్యాద ఇది, రావడం ఆలస్యమైంది.

కట్టే పనిని చేతితో కాక ఒక్క ఆదేశంతో చేయించే పనిముట్లు కూడా ఇదే కాలంలో వచ్చాయి. 2000లో యాంట్ వచ్చింది, 2004లో మావెన్ 1.0. మావెన్‌లో ఏ లైబ్రరీ ఏ సంచిక కావాలో ఒక ఫైలులో రాస్తే అది ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుని, కంపైల్ చేసి, జార్ కట్టి ఇస్తుంది.

ఇదే కాలంలో ప్లగిన్ అన్న ఆలోచన మరో మెట్టు ఎక్కింది. ఐబీఎం 2001 నవంబరులో బహిరంగం చేసిన ఎక్లిప్స్, చిన్న గుండె చుట్టూ అంతా ప్లగిన్లే అన్న సూత్రం మీద నిలబడింది. 2004 నాటి 3.0 సంచికతో అది ఓఎస్‌జీఐ ప్రమాణాన్ని తీసుకుంది. ప్రతి ప్లగిన్ తనకు ఎవరు కావాలో, తను ఎవరికి ఏమి ఇస్తుందో మేనిఫెస్ట్‌లో ప్రకటిస్తుంది, అవసరమైనప్పుడే మేలుకుంటుంది. ఏజెంట్ నమూనాల్లో ఈ పద్ధతిని నిండుగా వాడుకున్నది గామా. ఫ్రాన్స్ అభివృద్ధి పరిశోధన సంస్థ ఐఆర్‌డీ పరిశోధకులు, వియత్నాం సహచరులు 2007 నుంచి దీన్ని రూపొందిస్తూ వచ్చారు. అలెక్సిస్ ద్రొగుల్ వారిలో ముఖ్యుడు. పటాలను మొదటి నుంచీ సొంతం చేసుకోవడం గామా ప్రత్యేకత. చెరువు శిఖం హద్దు ఏ వంకరతో ఉందో ఆ వంకరతోనే ఏజెంట్ ఆకారం అవుతుంది.

గామాలో మోడల్ రాసే భాష గామెల్. దానికి కొత్త మాట చేర్చాలంటే జావా క్లాసు మీద, పద్ధతి మీద గుర్తు వేస్తే చాలు. ఇది ఆపరేటర్, ఇది స్కిల్, ఇది స్పీషీస్ అని ఆ గుర్తులు చెబుతాయి. జావాలో వీటిని యానొటేషన్‌లంటారు. కంపైల్ సమయంలో ఒక ప్రాసెసర్ ఆ గుర్తులన్నీ ఏరి, గామాకు వాటిని పరిచయం చేసే జావా ఫైలును తనే రాస్తుంది. ప్లగిన్ తన వివరణ ఫైలులో గామెల్ ఎక్స్‌టెన్షన్ బిందువుకు తగులుకున్నట్టు ప్రకటించాలి. ఆ ఒక్క వరస మరిచిపోతే కంపైల్ శుభ్రంగా అవుతుంది, గామా తెరుచుకుంటుంది, కొత్త మాట మాత్రం ఎక్కడా కనిపించదు. ఎక్లిప్స్ ప్లగిన్లను మావెన్‌తో కట్టేందుకు టైకో అనే అనుబంధం ఉంది. చివరికి ప్లగిన్లను ఫీచర్‌గా కూర్చి, అప్‌డేట్ సైట్‌లో పెడితే ఇతరులు తమ గామా నుంచే దాన్ని వేసుకోగలరు. నెట్‌లోగో పద్ధతి కంటే ఇది బరువైనది. పెద్ద బృందం ఏళ్ల తరబడి పనిచేసే చోట ఆ బరువుకు తగ్గ ఫలం ఉంది.

హుస్నాబాద్ లాంటి ప్రాంతానికి ఇవన్నీ ఎలా ఉపయోగపడతాయో తెలంగాణలోనే జరిగిన జల పరిశోధన సూచిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో 1999లో ఇండో-ఫ్రెంచ్ భూగర్భజల పరిశోధన కేంద్రం ఏర్పడింది. మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో గ్రానైట్ రాతి లోపల నీళ్లు ఎలా నిలుస్తాయో ఆ బృందం ఏళ్ల తరబడి కొలిచింది. తరవాత గజ్వేల్ వైపు కుడలియార్ పరీవాహకం, దాదాపు వెయ్యి చదరపు కిలోమీటర్లు, స్వాట్ అనే జలశాస్త్ర నమూనాలోకి ఎక్కింది. వాన ఎంత ఇంకుతుంది, బోర్లు ఎంత తోడుతాయి, వాతావరణం మారితే యాసంగి నీళ్లు ఏమవుతాయి అన్న ప్రశ్నలకు 2010ల తొలి భాగంలో జవాబులు ప్రచురితమయ్యాయి. గజ్వేల్, హుస్నాబాద్ రెండింటి కిందా ఉన్నది ఇదే గట్టి రాయి కాబట్టి ఆ కొలతల విలువ ఇక్కడికీ వర్తిస్తుంది.

స్వాట్ నేలను చిన్న చిన్న తునకలుగా విడదీసి నీటి లెక్క చేస్తుంది. అందులో పంటకు నీళ్లు కావలసినప్పుడు నీళ్లు పడతాయి. బోరు ఎండిన రైతు అప్పు చేసి ఇంకో బోరు వేయాలా, వరి మానేసి మక్క వేయాలా, పట్నం పోవాలా అని ఆలోచించడు. ఆ ఆలోచన ఏజెంట్ నమూనాకు చెందింది. భూగర్భజలం లెక్క ఒక ప్రోగ్రాంలో, రైతుల నిర్ణయాలు మరోదానిలో ఉన్నప్పుడు ఆ రెండింటినీ నెల నెలా మాట్లాడించే వంతెన కావాలి. ఆ వంతెన రాయడానికి అనువైన చోటు జావా ప్లగిన్. ఫలానా నెల ఫలానా తునకలో ఎంత తోడారో అటు చెప్పి, మట్టం ఎంత పడిందో ఇటు తెచ్చే నాలుగు పద్ధతులు అందులో ఉంటే చాలు. హుస్నాబాద్ దగ్గరి గౌరవెల్లి జలాశయం సంగతీ ఇంతే. మొదట 1.41 టీఎంసీలకు అనుకున్న దీన్ని తరవాత 8.23 టీఎంసీలకు పెంచారు. మిడ్ మానేరు నుంచి తోటపల్లి మీదుగా ఎత్తిపోసిన నీళ్లు చెరువుల్లోకి చేరితే గొలుసుకట్టు పై నుంచి వచ్చే వాన నీళ్ల మీదే ఆధారపడదు. అప్పుడు నమూనాలో కాలువ అనే కొత్త రకం ఏజెంట్ రాయాలి; ముంపులో ఇల్లు, భూమి పోయిన కుటుంబాలను కూడా లెక్కలోకి తేవాలి. వాళ్లను వదిలేసిన నీటి నమూనా అసంపూర్ణం.

ఈ పని చేయగల చేతులు ఉత్తర తెలంగాణకు కొత్త కాదు. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్న కాలానికే అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల అడ్డాగా మారింది. వై2కె తేదీ సమస్య గడువు దగ్గరపడుతున్న రోజుల్లో అక్కడ మెయిన్‌ఫ్రేమ్ కోర్సులకు గిరాకీ. అది తీరాక జావా ముందుకొచ్చింది. చైనా మానవ శాస్త్రవేత్త షియాంగ్ బియావో ఈ శిక్షణ, వలసల లోకాన్ని దగ్గరుండి చూసి రాసిన పుస్తకం 2007లో వెలువడింది. అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టుపక్కల గదుల్లో కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా అంటూ బ్యాచ్‌లు నడిచాయి. కరీంనగర్, హుస్నాబాద్, హుజూరాబాద్ వైపు ఊళ్ల నుంచి డిగ్రీ ముగించుకుని వెళ్లిన తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లిష్ పదాలను తెలుగు వాక్యాల్లో పెట్టి చెప్పే ఆ బోధన ఆసరా అయింది. పాత్, క్లాస్‌పాత్ అమర్చుకోవడం అక్కడ తొలి పాఠాల్లోనే ఉండేది. ప్లగిన్ కట్టేవాళ్లకు కావలసిన మొదటి నేర్పూ అదే. ఆ చదువు బ్యాంకుల, బీమా కంపెనీల సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిపోయింది. సొంత ఊరి చెరువు లెక్క కట్టే వైపు దాన్ని మళ్లించే ఏర్పాటు ఎవరూ చేయలేదు, ఇది నష్టమే.

2008లో కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం వచ్చింది. 2025లో ఆ విశ్వవిద్యాలయం కింద హుస్నాబాద్‌కే ఇంజనీరింగ్ కాలేజీ మంజూరైంది. చివరి ఏడు ప్రాజెక్టు కోసం విద్యార్థులు ఏటా ఒక అంశం వెతుక్కుంటారు. మత్తడి ఎత్తు, తూము వైశాల్యం, బోర్ల లోతు కొలిచి తెచ్చుకోగల దూరంలో చదివే పిల్లలకు ఏజెంట్ నమూనా మంచి అంశం. నెట్‌లోగో, గామా రెండూ జీపీఎల్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతాయి, మూలం సహా.

ఒకసారి కట్టిన ప్లగిన్ ఎప్పటికీ నడుస్తుందని అనుకోకూడదు. 2016 చివర వచ్చిన నెట్‌లోగో 6.0లో ఏపీఐ క్లాసులు మారాయి; అంతకుముందు రాసిన ఎక్స్‌టెన్షన్లను సవరించి మళ్లీ కంపైల్ చేయాల్సి వచ్చింది. గామాలో 2024 విడుదలతో ప్యాకేజీల పేర్లే మారాయి. పాత ప్లగిన్లలో దిగుమతి వరసలన్నీ తిరగరాసుకోవాలి. మూలం పోగొట్టుకుని జార్ ఫైలు ఒక్కటే మిగుల్చుకున్న ప్రాజెక్టులు ఇలాంటి సంచిక మార్పుల దగ్గరే ఆగిపోతాయి. అందుకే అనుభవజ్ఞులు జార్‌తో పాటు జావా మూలాన్ని, మావెన్ ఫైలును, ఏ జేడీకే మీద, ఏ సాఫ్ట్‌వేర్ సంచిక మీద కట్టారో తెలిపే కాగితాన్ని, పరీక్షించిన కొలతల పట్టికను కలిపి ఒకేచోట భద్రపరుస్తారు.